చిలుకమ్మక్క లైను

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! దయ్యాలకు అర్ధరాత్రే కావాలని ఎవరన్నారు? ప్రచండభానుడు నిప్పులు చెరుగుతున్న ఆ వేళ, రఘునాథపల్లి దాటాక, మూతపడిన మిల్లు కార్మికుల క్వార్టర్లు మొండిగోడలతో నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి. పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ కూసింది...

1983లో వరంగల్ జనానికి ఆ పాడుబడ్డ క్వార్టర్ల లైనొక వింత. సెలవు దొరికితే సద్ది కట్టుకుని మరీ వెళ్లి ఆ శ్మశాననిశ్శబ్దాన్ని చూసొచ్చేవారు. కొత్తవాడలో జంపఖానాలు నేసే రాజలింగు కూడా కొత్త పెళ్లాం సరోజనను వెంటబెట్టుకొచ్చాడు. పాపం, ఆమె ముచ్చట తీర్చడానికి అతనికి అంతకన్నా మంచి చోటు దొరకలేదు.

చివరి ఇంట్లోకి సరోజన తొంగిచూస్తూ అడుగుపెట్టింది. ఆ ఇంటి చుట్టూ కట్టిన నల్లదారం గుమ్మం దగ్గర తెగి వేలాడుతోంది. తెగిన పోగు కనిపిస్తే నేతగాడి చేతులు ఊరుకుంటాయా? మాటల్లో ఉండగానే రాజలింగు వేళ్లు రెండు కొసలనూ పట్టి ముడివేసేశాయి.

అంతే! ఇంట్లో చీకటి కమ్మింది. సరోజన కళ్లు తేలేసి నిలువునా కూలింది. ఆమె గొంతులోంచి మరో ఆడమనిషి ఏడుపు వినిపించింది.

లోపలి గదిలోంచి ఎల్లస్వామి వచ్చాడు. ఒకప్పుడు మిల్లు వాచ్‌మన్, ఇప్పుడు క్షుద్రోపాసకుడు. అతని చేతిలో కుంకుమ పూసిన కపాలం!

"మొగని చేతితోనే బంధనం పడాలె. పడ్డది," అన్నాడు తాపీగా. "ఇది చిలుకమ్మ పుర్రె. మిల్లు బందయినంక ఈ ఇంట్లనే ఆకలికి సచ్చింది. దానికి ఒళ్లు కావాలె. నాకు నా మాట వినే దయ్యం కావాలె. నీ పెండ్లాన్ని ఇడిసి పో."

రాజలింగు ముడి విప్పబోయాడు. రాలేదు. పళ్లతో కొరికాడు. చిగుళ్లు చిట్లాయి గానీ పోగు తెగలేదు. లోపల ఎల్లస్వామి మంత్రం జోరందుకున్నకొద్దీ సరోజన ఊపిరి సన్నగిల్లుతోంది. మోకాళ్ల మీద పడి బతిమాలాడు. ఎల్లస్వామి వికటంగా నవ్వాడు. ఇక ఎవరికి మొక్కాలి? దిక్కుతోచక ఆ కపాలానికే చేతులు జోడించాడు.

"అక్కా... చిలుకమ్మక్కా... నీకు ఎవ్వరు లేరనే గదా వీడు నిన్ను గిట్ల తిప్పుతాండు. నేను లేనా? నన్ను నీ తమ్ముడనుకో. మా ఇంటికి రా. ముందు నీకే బువ్వ పెడ్త, పండుగకు చీర పెడ్త. ఈమెను మాత్రం సంపకక్కా."

ఎల్లస్వామి నవ్వు సగంలో ఆగిపోయింది. "పిలువకురా. ఇల్లు దొరికిన దయ్యం ఇగ నా మాట వినదు..."

మబ్బు లేని ఆకాశం ఫెళ్లున ఉరిమింది! ఏళ్ల తరబడి కట్టుబానిసగా పడి ఉన్న ఆ ప్రేతశక్తి జ్వాలయై లేచింది. కపాలం ఎల్లస్వామి చేతిలోనే భగ్గున మండింది. మంత్రం మరిచి గావుకేకలు వేశాడు... కాసేపటికి అక్కడ మనిషి లేడు, గోడ మీద మసి మాత్రం మిగిలింది. ముడి దానంతటదే జారిపోయింది.

సరోజన మెల్లగా లేచి కూర్చుంది. రాజలింగు ఆమెను గుండెకు హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. పోయిందనుకున్న ప్రాణం దక్కింది. ఆమె చెయ్యి పట్టుకుని బస్సు ఆగే రోడ్డు మీదికి నడిపించుకొచ్చాడు.

"ఇంటికి పోదాం సరోజనా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

ఆమె ఎంతో ప్రేమగా అతని తల నిమిరింది.

"పోదాం తమ్మీ. మనిల్లు ఎంత దూరం?"