ఎడమచేతికి పట్టే ఆట

మూడు యంత్రాలనూ బల్ల మీద పెట్టుకుని మెకానిక్ వారంగా తల బద్దలు కొట్టుకుంటున్నాడు. చేతిలో పట్టుకుని ఆడుకునే గేమింగ్ కంప్యూటర్లను పాతవి కొని, బాగుచేసి అమ్మే షాపు అతనిది. ఏది కొనాలో అడిగినవాళ్ళకి చిటికెలో చెప్పే మనిషి, సొంత అక్క విషయానికొచ్చేసరికి ఎటూ తేల్చుకోలేకపోయాడు.

అక్కకి వారానికి మూడు మధ్యాహ్నాలు డయాలసిస్. నాలుగేసి గంటలు కుర్చీలో పడుండాలి. సూదులు గుచ్చిన కుడిచెయ్యి కదపకూడదు. రెండేళ్ళకే ఓపిక అడుగంటింది.

"ఇక నావల్ల కాదురా. వచ్చేవారం నుంచి రాను," అంది, ఇంట్లో ఉప్పు అయిపోయిందన్నంత మామూలుగా.

మానేస్తే ఎన్నాళ్ళుంటుందో డాక్టరు ఇదివరకే చెప్పాడు. చిన్నప్పుడు వీడియో గేముల కోసం జుట్లు పట్టుకున్న అక్కాతమ్ముళ్ళు వాళ్ళు. ఆ పిచ్చయినా ఆమెని కుర్చీలో కూర్చోబెడుతుందేమోనని అతని ఆశ.

మొదటిదాని తెర బ్రహ్మాండం, కానీ ఇటుకంత బరువు. ఒంటిచేత్తో పది నిమిషాలు పడితే మణికట్టు లాగేస్తుంది. రెండోది తేలికే, నెట్ లేనిదే అడుగు కదలదు. ఆ వార్డులో ఫోనే సరిగ్గా మోగదు. మూడోది జేబులో పట్టే బుల్లి కంప్యూటర్. అక్షరాలు చీమల్లా ఉంటాయి, ఛార్జింగ్ రెండు గంటలే. కానీ మీటలన్నీ ఎడమ బొటనవేలికి అందుతాయి. దాన్నే ఖాయం చేశాడు.

పాత యజమాని ఆడిన ఆటలన్నీ తుడిచేశాకే యంత్రం చేతులు మారాలన్నది షాపు పద్ధతి. ఆరోజు ఒళ్ళు హూనమై ఉంది. మనింటికేగా అనుకుని తుడవకుండా వదిలేశాడు.

అక్క మళ్ళీ డయాలసిస్‌కి వెళ్ళింది. వెళ్ళడమే కాదు, గంట ముందే తయారైపోతోంది. తమ్ముడి ప్రాణం కుదుటపడింది.

నాలుగోసారి అతనూ వెంట వెళ్ళాడు. వానమబ్బుకి వార్డంతా చీకటైంది. స్పిరిట్ వాసన, తడి గోడల వాసన. మిషన్లు సన్నగా మూలుగుతున్నాయి. తెర వెలుగులో రెండు బొమ్మలు గుహలోకి దిగుతున్నాయి.

"వీడు మంచివాడురా," రెండో బొమ్మనే చూస్తూ అక్క గొంతు తగ్గించింది. "నాకు కళ్ళు మూతపడితే ఆగుతాడు."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. ఆ ఆట అతనికి కొట్టినపిండి. అది ఒక్కరే ఆడే ఆట. రెండో బొమ్మ అందులో లేనేలేదు...

"ఎక్కడికి తీసుకెళ్తున్నాడక్కా?"

"కిందికి. అక్కడ సూదులుండవట."

ఛార్జింగ్ పెట్టుకొస్తానని యంత్రం తీసుకుని వరండాలోకి వచ్చాడు. అది మంచుముక్కలా ఉంది. అన్నీ తుడిచేశాడు. స్క్రూలు విప్పి బ్యాటరీ కూడా పీకేశాడు.

తిరిగొచ్చేసరికి అక్క కళ్ళు మూసుకుని ఉంది. ఎడమ బొటనవేలు మాత్రం కదులుతోంది... ఖాళీ అరచేతి మీద.

"అక్కా... దాన్ని తుడిచేశాను."

"తెలుసురా. అందుకే బయటికొచ్చాడు." పెదవులు మాత్రమే కదిలాయి. "టైమైపోయిందంట. లేవమంటున్నాడు."

ఆమె మిషన్ తెర మీద ఇంకా రెండు గంటలు మిగిలి ఉన్నాయి. ఎడమచెయ్యి మెల్లగా సూదుల వైపు వెళ్ళింది. పట్టుకున్నాడు. తన బలమంతా పెట్టి పట్టుకున్నాడు. ఆమె లాగుతూనే ఉంది. ఆ బక్కచేతికి అంత బలం ఎక్కడిదో అంతుపట్టలేదు.

నర్సుని పిలుద్దామని తల తిప్పాడు.

పక్క కుర్చీలో ఎవరూ లేరు. దాని మిషన్ మాత్రం తిరుగుతోంది. గొట్టాలు ఎర్రగా నిండి, ఖాళీ కుర్చీ మీదికి వచ్చి, గాలిలో ఆగాయి. ఆ మిషన్ తెర మీద ఒక్క నిమిషం మిగిలి ఉంది.