స్వామి రూపాయి

పొద్దున్నే మగ్గం చప్పుడు ఆగింది. ధర్మవరంలో మగ్గం ఆగిందంటే చీర దిగినట్టే. నల్లప్ప చీర మడిచి చంకన పెట్టుకొని షావుకారు ఇంటికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి ఎండ గడప దాటి లోపలికొచ్చింది. కూలి చేతికందగానే దారిలోనే ఇంటి బాడుగ, అంగడి బాకీ, పాలబాకీ కట్టేసి రావడం అతని అలవాటు. మిగిలింది భార్య హనుమంతమ్మ చేతిలో పెట్టేవాడు. తర్వాత కాళ్ళు కడుక్కొని, నరసింహస్వామి పటం కింద ఉన్న పసుపుగుడ్డ ముడుపు విప్పి, అటు తిరిగి వేసేది వేసి మళ్ళీ కట్టేవాడు. చీరకొక రూపాయి. చిన్నప్పుడు అతనికి అమ్మవారు పోసినప్పుడు తల్లి రామసుబ్బమ్మ కదిరి స్వామికి మొక్కుకున్న మొక్కు అది.

ఆ రోజూ అంతే చేశాడు. హనుమంతమ్మ చేతిలోకి చూసుకుంది. అంతా చిల్లరే.

"ఇంతేనా?"

"కట్టేవి కట్టినాక మిగిలింది అంతే."

"బిడ్డ పరీక్ష ఫీజుకు ఈ దినమే ఆఖరు. ఆ మాట గుర్తుండాదా నీకు?"

పదో తరగతి చదివే ఓబులమ్మ జడ వేసుకొని గడపలో నిలబడి ఉంది.

"పాలు సగం చేస్తిమి. తలకు నూనె మానేస్తిమి. స్వామి రూపాయి మాత్రం ఏనాడూ మానలేదు," హనుమంతమ్మ గొంతు పెరిగింది. "ఆ ముడుపు విప్పు."

"ఏమే, నోరు పడిపోతాది!" రామసుబ్బమ్మ మంచం మీదనుంచి లేచింది. "కదిరికి పోకుండా ముడుపు ఇప్పుతారా? వాణ్ణి బతికిచ్చిందే ఆయప్ప!"

"బతికిచ్చిన దేవుడు బిడ్డ సదువు మాన్పిచ్చి దుడ్లు తీసుకుంటాడా అత్తా? తెలీక అడుగుతాండా!"

"వద్దు హనుమంతూ," అన్నాడు నల్లప్ప. ఆ గొంతులో ఉన్నది కోపం కాదు, భయం. ఆమెకది పట్టలేదు. ముడుపు లాగింది. ముడి రాకపోతే పళ్ళతో విప్పింది.

దోసెడు చింతగింజలు నేలంతా దొర్లాయి.

ఒక్క రూపాయీ లేదు. రామసుబ్బమ్మ వంగి ఒక గింజ చేతిలోకి తీసుకుంది. "రూపాయలు యాడరా?"

"లేవమ్మా. మొదట్లో వేసినా. బాడుగ పెరిగినాక అవీ తీసి కట్టినా. అప్పటినుంచి చీరకొక గింజ వేస్తాండా. దుడ్లు మిగిలిననాడు గింజ తీసి రూపాయి పెడదామనుకుంటి. ఒక్కనాడూ మిగల్లేదు."

"నాకు చెప్పకూడదారా?"

"నీకు చెబితే అన్నం మానేస్తావు. ఈమెకు చెబితే మరుసటి కొట్లాటలోనే నీకు తెలుస్తాది."

హనుమంతమ్మ గోడకానుకొని కూలబడింది. "సంగటి చాలని ప్రతిసారీ ఆ పటాన్ని తిట్టుకున్నా. దీపం పెడుతూ తిట్టుకున్నా. ఒక్క పైసా తీసుకోని దేవుణ్ణి ఇన్నేండ్లూ నా చేత తిట్టిచ్చినావు కదప్పా!" అని భోరుమంది.

రామసుబ్బమ్మ చేతిలోని గింజను కింద పెట్టింది. తర్వాత కొంగుముడి విప్పి, కదిరి తేరుకు పోవడానికి దాచుకున్న బస్సు చార్జీ మనవరాలి చేతిలో పెట్టింది. "మీ అమ్మ చేతిలోది కూడా కలుపుకో. సరిపోతాది."

"మరి నీ తేరు, అవ్వా?"

"గింజలు పట్టుకొని ఆయప్ప ముందర ఎట్లా నిలబడేది? నువ్వు కొలువు చేసి నన్ను తీసుకపో. బిరీన బడికి పో."

ఓబులమ్మ పరుగెత్తింది.

హనుమంతమ్మ గింజలన్నీ ఏరి పసుపుగుడ్డలో కట్టి పటం కింద పెట్టింది. మొగుడి మీద కోపం ఇంకా ఆరలేదు. పటం వైపు తలెత్తడానికి మాత్రం మొహం చెల్లలేదు. కళ్ళు తుడుచుకొని వత్తి ఎగదోసింది.

"నిన్ను తిట్టిన తిట్లన్నీ ఈయప్ప లెక్కలో వేసుకో, స్వామీ."