లయొనెల్ నొప్పి, మార్వెల్లా ఇన్సూరెన్సు

అమెరికాలో టొలీడో అనే ఊళ్లోని చిన్న రేడియో స్టేషన్‌కి మార్వెల్లా మొదటిసారి వచ్చిన రోజే లయొనెల్‌తో గొడవ పడింది. ఆస్పత్రులు, ఇన్సూరెన్సులు, పేదల పథకాల గురించి శనివారం ప్రోగ్రాములో జనానికి అర్థమయ్యేలా చెప్పడం అతని పని. ఆమె డబ్బులేని ముద్దాయిల తరఫున వాదించే సర్కారు లాయరు. బెయిలు గురించి చెప్పమని పిలిస్తే సెక్షన్లన్నీ ఏకరువు పెట్టింది.

"లాయరుగారూ, వినేవాళ్లు నిద్రపోయి ఉంటారు," అన్నాడు మైకులోనే.

"వారంవారం మీ గొంతు వినేవాళ్లే కదా, అలవాటైపోయి ఉంటుంది," అందామె.

ఊరు నవ్వింది. స్టేషన్‌వాళ్లు ఆమెను ప్రతి శనివారం రమ్మన్నారు. ఇద్దరూ పోట్లాడుకుంటూ చెబితే జైలూ, జబ్బూ, బీదరికమూ జనానికి బాగానే ఎక్కాయి. తర్వాత కాఫీ తాగుతూ మళ్లీ పోట్లాడుకునేవారు.

లయొనెల్ ఆమె మీద మనసు పడ్డాడు గానీ చెప్పలేదు. ఆమెకి ఉద్యోగంతో పాటు మంచి ఇన్సూరెన్సు ఉంది. ఊరందరికీ ఇన్సూరెన్సు పాఠాలు చెప్పే అతనికి అదే లేదు. దాని కోసమే ప్రేమించాడనుకుంటుందని భయం.

మార్చిలో ఒక శనివారం, నొప్పిని నిర్లక్ష్యం చేయకండని చెబుతూ చెబుతూనే పొట్ట పట్టుకుని వంగిపోయాడు. వారం నుంచీ ఆ నొప్పి ఉందట. బిల్లుకి జడిసి అంబులెన్సు వద్దన్నాడు. మార్వెల్లా తన కారెక్కించింది. సిగ్నల్ దగ్గర, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంది:

"నన్ను పెళ్లి చేసుకో. నా ఇన్సూరెన్సు నీకూ వర్తిస్తుంది."

"జాలిపడి నన్ను చేసుకోకు," అన్నాడు పళ్ల బిగువున.

పచ్చదీపం పడగానే ఆమె కారు పోనిచ్చింది.

పిత్తాశయం తీసేశారు. మర్నాడు ఆమె ఆస్పత్రి ఆఫీసులో కనుక్కుని వచ్చింది. పేదలకి బిల్లు మాఫీ చేసే పథకం అతనికీ వర్తిస్తుందట. దాని గురించి అతనే రేడియోలో ఎన్నోసార్లు చెప్పాడు. పేదవాళ్లంటే ఎప్పుడూ అవతల వినేవాళ్లే అనుకున్నాడు.

"అయితే ఇంక పెళ్లి అక్కర్లేదుగా," అన్నాడు కిటికీ వైపు చూస్తూ.

"అక్కర్లేదు." కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఆ సాకు పోయింది. ఇంకోటి వెతికే ఓపిక నాకు లేదు. నువ్వంటే ఇష్టం. ఏమంటావ్?"

చేసుకుంటానన్నాడు. మత్తుమందు ప్రభావంలో ఇచ్చిన మాట కోర్టులో నిలవదని, రేపొచ్చి మళ్లీ అడుగుతానని ఆమె లేచింది.

మర్నాడు ఆమెకి అడిగే పని పడలేదు. తలుపు సగం తెరుచుకోగానే లయొనెల్ చేసుకుంటానని చెప్పేశాడు.