ఎదురుగాలిలో కరెంటు బండి

"ఇది ట్రక్కా, వాషింగ్ మెషీనా? చప్పుడే లేదు!"

వేడ్ ఓస్ట్రెమ్ కొత్తగా కొన్న కరెంటు పికప్ చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి టిల్లీ మాబ్రీ అన్న మొదటి మాట అది. వేడ్ చెవులు ఎర్రబడ్డాయి.

"చప్పుడు లేకుండా పనిచేస్తే నీకు నచ్చదా?"

"మా వైపు పికప్ అంటే ట్రెయిలర్ లాగాలి బాబూ. ఇది లాగుతుందా, ఊరికే మెరుస్తుందా?"

"నువ్వేం కట్టినా లాగుతుంది."

వయోమింగ్‌లోని వీట్‌లాండ్ ఊళ్ళో, దాణా కొట్టు ముందు, ఊరి జనం వింటుండగా అనేశాడు. టిల్లీ పెదవి విరిచింది గానీ కళ్ళతో నవ్వింది. దాణా బస్తా భుజానికెత్తుకుని వెళ్ళిపోయింది. ఆ నవ్వు పుణ్యమా అని ఆ ఏడాది చలికాలం ఎప్పుడు మొదలైందో కూడా వేడ్‌కి తెలియలేదు. ఆ తర్వాత ఆమె కనపడినప్పుడల్లా వెక్కిరించడం, ఇతను తడబడటం. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు, అంతే. అసలు మాట మాత్రం గొంతు దాటలేదు.

జనవరిలో ఒక ఉదయం ఫోన్ మోగింది.

"వేడ్, వెంటనే రా. జునిపర్‌కి కడుపు బిగిసింది."

వెక్కిరింపు లేదు. ఏడుపు ఆపుకుంటున్న గొంతు. వేడ్ బూట్ల లేసులు కూడా కట్టుకోకుండా పరుగెత్తాడు.

జునిపర్ టిల్లీ ఆడగుర్రం. పుట్టినప్పుడు కాళ్ళు పట్టుకుని బయటికి లాగింది ఆమే. రోడియో గుర్రప్పోటీల్లో పీపాల చుట్టూ దాన్ని పరుగెత్తించేదీ ఆమే. గుర్రానికి కడుపు బిగిస్తే మనిషికి వచ్చినట్టు వచ్చి పోయే నొప్పి కాదు. పేగు మెలిపడితే ప్రాణమే పోతుంది. ఊరి పశువుల డాక్టర్ వచ్చి ఇంజెక్షన్ ఇచ్చి, "ఇంకా లద్దె వెయ్యలేదంటే ఆలస్యం చెయ్యకండి. ఫోర్ట్ కాలిన్స్ పశువుల పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, ఆపరేషన్ చెయ్యాల్సి రావొచ్చు" అన్నాడట.

తీసుకెళ్ళడానికి బండేదీ? టిల్లీ తండ్రి ఆర్లిన్, ఎండ కాస్తోంది కదా అని, చలిమందు కలపకుండా డీజిల్ పోయించాడు. రాత్రికి రాత్రే చలి విరుచుకుపడి, ట్యాంకులో డీజిల్ నెయ్యిలా పేరుకుపోయింది. ముప్పై ఏళ్ళు ఊరందరికీ డీజిల్ గొప్పలు చెప్పిన పెద్దాయన ఇప్పుడు బానెట్ ఎత్తి నోరెత్తకుండా నిలబడ్డాడు.

"ఫోర్ట్ కాలిన్స్ దాకా వెళ్తుందా ఇది?" అన్నాడు ఎట్టకేలకు.

ఇంకా ఎన్ని మైళ్ళు పోగలదో బండి తెర మీద చూపించే అంకె చూశాడు వేడ్. కావలసిన దానికి రెట్టింపు ఉంది. "ఎక్కడా ఆగక్కర్లేదు సార్."

ఆ కంగారులో అతను చేసిన తప్పు అదే. ఆ అంకె ఖాళీ బండిది. వెనక ట్రెయిలర్ కట్టానని బండికి చెప్పనే లేదు.

జునిపర్‌ని ట్రెయిలర్‌లో ఎక్కించి, ఆర్లిన్‌ని ఇంటి దగ్గర వదిలి, ఇద్దరూ హైవే ఎక్కగానే గాలి ఎదురొచ్చింది. వయోమింగ్ గాలి సంగతి అక్కడ పుట్టినవాడికి వేరే చెప్పాలా? బరువుదేముంది, బండి అవలీలగా లాగేస్తోంది. ఎత్తుగా గోడలా ఉన్న ఆ ట్రెయిలర్ గాలికి అడ్డం పడి ఛార్జింగ్‌ని తాగేస్తోంది. పైగా చలి. మైలు నడిస్తే మూడు మైళ్ళు తగ్గుతోంది అంకె.

వేడ్ మెల్లగా హీటర్ కట్టేశాడు. కాసేపటికి సీటు వేడి కూడా ఆపేశాడు.

"చలేస్తోంది, హీటర్ ఎందుకు తీసేశావ్?"

"గాలి ఆడాలని."

"నీ పళ్ళు కటకటలాడుతున్నాయి వేడ్."

"అలవాటే."

టిల్లీ తల వంచి తెర చూసింది. తర్వాత అతని మొహం చూసింది.

"నిజం చెప్పు. చేరతామా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. వెనక ట్రెయిలర్‌లో జునిపర్ కాలితో తన్నింది.

"చేరం. ట్రెయిలర్ సంగతి లెక్క వేసుకోలేదు. దారిలో షయాన్ ఊళ్ళో ఆగి ఛార్జింగ్ పెట్టాలి."

"ఆగాలా! వెనక గుర్రం చావుబతుకుల్లో ఉంటే ఇప్పుడా చెప్తావ్? ఎక్కడా ఆగక్కర్లేదని మా నాన్నతో అన్నావ్ కదా!"

"అన్నాను."

"ఎందుకన్నావ్?"

"నువ్వు వింటున్నావ్ కాబట్టి."

టిల్లీ మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. ఆ పక్కనుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. అంతకన్నా రెండు చెంపలూ వాయించినా బాగుండేదనిపించింది వేడ్‌కి.

షయాన్‌లో ఒక సూపర్‌మార్కెట్ వెనక ఛార్జింగ్ దొరికింది. దొరికి ఏం లాభం? అవన్నీ చిన్న కార్లు ముక్కు పెట్టి నిలబడే గళ్ళు. ట్రెయిలర్‌తో దూరితే తోక రోడ్డు మీద ఉంటుంది. విప్పాల్సిందే. లోపల గుర్రం ఉండగా ట్రెయిలర్ విప్పడం ఎంత ప్రమాదమో అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు.

"దించుతాను," అంది టిల్లీ పొడిగా. "నడిపిస్తూ ఉంటాను. పడుకుని దొర్లిందంటే మాత్రం..." వాక్యం పూర్తి చెయ్యలేదు.

వేడ్ వేళ్ళు కొంకర్లు పోతుంటే ట్రెయిలర్ విప్పి, బండిని గడిలో పెట్టి, వైరు గుచ్చి, పరుగున వచ్చాడు. మంచు మీద టిల్లీ, జునిపర్ గుండ్రంగా తిరుగుతున్నారు. గుర్రం తల నేలకి వేలాడుతోంది. చెమట పట్టిన ఒంటి మీంచి ఆవిరి లేస్తోంది. మాటిమాటికీ ముంగాళ్ళు మడవబోతుంటే టిల్లీ పగ్గం గుంజి, "వద్దమ్మా, వద్దు, నడువు తల్లీ" అని బతిమాలుతోంది.

వేడ్ అటుపక్క చేరి భుజంతో గుర్రాన్ని ఆనించుకున్నాడు. అలా ముగ్గురూ తిరిగారు, తిరిగారు. ట్రాలీలు తోసుకుపోతున్న జనం ఆగి చూశారు.

"టిల్లీ, దీనికేమైనా అయితే నేను..."

"నోర్ముయ్యి. విననీ."

గుర్రాన్ని ఆపి దాని డొక్కకి చెవి ఆనించింది. పేగులు కదిలితే లోపల గుడగుడ వినపడాలి. వినపడకపోతే అంతే సంగతులు.

"ఏమీ లేదు," అంది. "నువ్వు అటువైపు విను."

వేడ్ టోపీ తీసేసి రెండో డొక్కకి చెవి పెట్టాడు. వెచ్చటి చర్మం, తన గుండె దడ, ఇంకేమీ లేదు. ఊపిరి బిగబట్టాడు. ఇన్నాళ్ళూ ఆమెకి చెప్పాలనుకున్న మాటలన్నీ మర్చిపోయి, 'ఒక్కసారి కదులు, ఒక్కసారి' అని ఆ పేగుల్ని వేడుకున్నాడు.

ఎక్కడో లోతున ఏదో దొర్లింది.

"టిల్లీ! ఇటు రా, ఇటు రా!"

ఆమె చుట్టూ పరుగెత్తుకొచ్చి అతని పక్కనే చెవి ఆనించింది. ఇద్దరి ముక్కులూ జానెడు దూరంలో ఉన్నాయి. గుడగుడ మళ్ళీ వచ్చింది, ఈసారి పెద్దగా. ట్రెయిలర్ కుదుపో, ఈ నడకో, ఏది పనిచేసిందో గానీ జునిపర్ గాలి వదిలింది, మామూలుగా కాదు. తర్వాత తోక ఎత్తి, సూపర్‌మార్కెట్ వారి తెల్లటి మంచు మీద, పొగలు కక్కే లద్దె కుప్ప వేసింది.

"వేసింది!" అని అరిచింది టిల్లీ. "నాన్నా, వేసింది నాన్నా!" అని ఫోన్‌లో అరిచింది. ఆర్లిన్ మాబ్రీ అటువైపు వెక్కివెక్కి ఏడవడం వేడ్‌కి కూడా వినపడింది. ట్రాలీ జనం ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టారు.

ఫోన్ జేబులో పడేసి టిల్లీ అతని కోటు కాలరు పట్టుకుంది.

"తిట్టు," అన్నాడు వేడ్. "గతిలేక నన్ను పిలిచావ్. నేనేమో దారి మధ్యలో నిలబెట్టాను."

"గతిలేకా? పక్క పొలంలో మా బాబాయి ఉన్నాడు. ఆయన డీజిల్ బండి షెడ్డులో వెచ్చగా ఉంది. ఆయనకి ఫోన్ చేద్దామని నాన్న అనేలోపే నీకు చేసేశాను."

"మరి... నా బండి..."

"బండి ఎవరికి గుర్తుంది వేడ్? భయమేసింది. నువ్వు కావాలనిపించింది."

వేడ్ ఆమె చేతులు రెండూ పట్టుకుని మంచులో అలాగే నిలబడ్డాడు.

"నేనింకా ఫోన్ పెట్టెయ్యలేదమ్మా," టిల్లీ జేబులోంచి ఆర్లిన్ గొంతు పలికింది. "ఒరేయ్ అబ్బాయ్, విన్నావుగా? ఆదివారం భోజనానికి రా. ముందు ఆ గుర్రాన్ని పెద్దడాక్టరుకి చూపించండి, తర్వాత చేతులు పట్టుకుందురు గాని."