గాలి నాణ్యత: ఉత్తమం

వీరబ్రహ్మం గారి గదిలో గాలి చాలా బాగుంది. స్మార్ట్ ఫ్యాను సద్దు లేకుండా తిరుగుతోంది. మూలనున్న ఎయిర్ ప్యూరిఫయర్ మీద ఆకుపచ్చ లైటు, దాని కింద ‘గాలి నాణ్యత: ఉత్తమం’ అన్న అక్షరాలు. మంచం మీదున్న వీరబ్రహ్మం గారు మాత్రం ఆ ఉత్తమమైన గాలి పీల్చడం మానేసి చాలాసేపయింది.

బాపట్ల డాక్టరు ఆయాసం వల్ల పోయారని రాశాడు. తెనాలిలో గూఢచారి శాఖ సుబ్బరామయ్య మాత్రం, “హత్య,” అన్నాడు.

సుబ్బరామయ్య ఆఫీసు తెనాలి స్టేషను వెనక సందులో, ఫ్యాన్లు రివైండింగ్ చేసే షాపు మేడమీద ఉంది. దేశ రహస్యాలకు అక్కడ ఎప్పుడూ కాలిన రాగితీగ వాసన వస్తుంటుంది.

“పోయినాయన తీరం రాడార్ డిజైన్ చేసిన ఇంజనీరు,” అన్నాడు ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ శాలేమురాజుతో. “ఆ డిజైన్ తెలిసిన రెండో మనిషి ఎబినేజర్. రేపల్లె. ఆయనకీ ఆయాసమే. నిన్న వాళ్ళింట్లో కూడా ఇదే మెషీన్ బిగించారు. ఫ్రీ డెమో.”

“ఎవరు సార్?”

“హెరాన్ ముఠా. పైదేశం వాళ్ళు. ఫిల్టర్ వెనక గ్యాస్ సీసా ఉంటుంది. వాసన ఉండదు. మంచం మీద మనిషున్నాడని మెషీన్‌కి తెలుసు. పక్కన ఇంకెవరైనా ఉన్నారా అన్నది గదిలో కార్బన్ డయాక్సైడ్ చూసి లెక్కేస్తుంది. అంకె ఎనిమిది వందల కిందికి దిగిందా, ఒంటరిగా ఉన్నట్టు. గ్యాస్ వదిలేస్తుంది. రాత్రి తలుపులు మూసి భార్య పక్కనే ఉంది కాబట్టి ఎబినేజర్ బతికాడు.”

“నలుగురుంటే?”

“వదలదు. నాలుగు శవాలకి ఆయాసం అని ఏ డాక్టరూ రాయడు.”

“మెషీన్ పీకేస్తే?”

“ఆపరేటర్ బాపట్లలో ఏదో లాడ్జిలో కూర్చుని ఫోన్లో చూస్తున్నాడు. ప్లగ్గు ముట్టుకున్నా, ఎబినేజర్ మంచం దిగినా వాడికి తెలుస్తుంది. ఇవే మెషీన్లు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉన్నాయి. ఎవరిళ్ళో మనకు తెలీదు. అనుమానం వస్తే అన్నీ ఒకేసారి నొక్కుతాడు. మనవాళ్ళు వాణ్ణి పట్టుకునేదాకా ఆ గదిలో ఊపిరి తగ్గకూడదు. నోరు జాగ్రత్త, మెషీన్‌కి మైకుంది. దొరికాడంటే నీ చెవిలో ‘పాలు పొంగాయి’ అంటాను.”

“ఇదంతా మనకెవరు చెప్పారు సార్?”

“హెలెన్. ఆ కంపెనీ ఎయిర్ కన్సల్టెంట్. మన మనిషే. వాళ్ళ మనిషి కూడా.”

“నమ్మొచ్చా?”

“నమ్మొద్దు,” అని సుబ్బరామయ్య రైలు టికెట్టు అతని చేతిలో పెట్టాడు. “తప్పకపోతే నమ్ము.”

రేపల్లె రైల్లో శాలేమురాజు ఫ్యాన్ మెకానిక్‌గా మారాడు. ఖాకీ చొక్కా, చేతిలో టెస్టర్, చెవిలో వినికిడి మిషన్‌లా కనిపించే రిసీవర్. కిటికీ బయట పొలాల్లో గడ్డి తగలబెడుతున్నారు. ఆ పొగ రైలంతా నిండింది. భట్టిప్రోలు దాటాక అతనికి భయం పట్టుకుంది. కత్తినీ తుపాకినీ చూశాడు. మంచి గాలికి భయపడటం ఇదే మొదలు.

అతను వెళ్ళేసరికి ఎబినేజర్ భార్య నిర్మల చేయాల్సింది చేసేసింది. ఉదయమే డిపార్ట్‌మెంట్ మనిషి వచ్చి విషయం చెప్పిపోయాడు. జనం కావాలన్నారు కదా అని ఆమె చర్చిలో స్త్రీల సమాజానికి ఫోన్ చేసి, “మా ఆయనకి బాగా లేదు, వచ్చి ప్రార్థన చేయండి,” అంది. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి పడకగది నిండిపోయింది. అచ్చమ్మ గారి నాయకత్వంలో కీర్తనలు మొదలయ్యాయి. మెషీన్ మీద అంకె పదిహేను వందలకు ఎక్కింది. ఎర్ర లైటు వెలిగింది. ఫ్యాను జోరందుకుంది. మెషీన్‌తో పాటే గోడకి బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యాను దానంతటదే తిరగసాగింది.

శాలేమురాజు టెస్టర్ పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాడు. ఎబినేజర్ మంచం మీద పడుకుని మెషీన్ వంకే చూస్తున్నాడు.

“నిర్మలా,” అన్నాడు మెల్లగా. “బీరువా తాళం ఎక్కడుంటుందో గుర్తుందిగా.”

“ముందు పడుకోండి మీరు,” అంది నిర్మల. దుప్పటి ఆయన గడ్డం దాకా లాగి సర్దింది.

తలుపు దగ్గర సెంటు వాసన వచ్చింది. తెల్ల జార్జెట్ చీర, నల్ల కళ్ళద్దాలు. హెలెన్.

“కంపెనీ నుంచండి. రీడింగ్ చూసి వెళ్ళమన్నారు,” అంటూ వచ్చి మెషీన్ పక్కనే నిలబడింది. సాయం చేయడానికి వచ్చిందో, పని పూర్తిచేయడానికి వచ్చిందో ఆ నల్లద్దాల్లో ఏమీ కనిపించలేదు.

ముగింపుకి చెప్పే పరలోక ప్రార్థన అయింది. ఆమెన్ అన్నారు. శాలేమురాజు అనుకోనిది అప్పుడు జరిగింది. అందరూ లేచారు.

“వెళ్ళొస్తాం నిర్మలా. అన్నయ్య గార్ని కాస్త నిద్రపోనీ.”

“కూర్చోండి వదినా, టీ పెడతాను.”

“వద్దులేమ్మా, ఇంట్లో మనిషికి బాగోనప్పుడు టీ ఏంటి?”

వెళ్ళొస్తామన్నారు గానీ వెళ్ళలేదు. గుమ్మంలో నిలబడ్డారు. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదో అక్కడే గుర్తొచ్చింది. తలుపు బార్లా తెరిచి ఉంది. బయటి గాలి లోపలికి, లోపలి ఊపిరి ఎగ్జాస్ట్ ఫ్యానులోంచి బయటికి. పన్నెండు వందలు. వెయ్యి. యంత్రం ఎంతో శ్రద్ధగా పనిచేస్తోంది.

తలుపు వేద్దామంటే గుమ్మం నిండా మనుషులు. ఆడవాళ్ళని గుమ్మంలోంచి కదిలించే ఆయుధం డిపార్ట్‌మెంట్ దగ్గర లేదు.

చెవిలో సుబ్బరామయ్య గొంతు: “లాడ్జి దొరికింది. గది దొరకలేదు. అంకె దిగకుండా ఆపు.”

తొమ్మిది వందలు. ఎర్ర లైటు పసుపయింది. ఎబినేజర్ కళ్ళు మూసుకున్నాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి. శాలేమురాజు తలుపు వైపు చూశాడు. తను ఇప్పుడు బయటికి నడిస్తే బతుకుతాడు. ఆ ఆలోచన వచ్చినందుకు ఇంకా భయమేసింది. మంచం పట్టె గట్టిగా పట్టుకుని ఎక్కువెక్కువగా ఊపిరి వదలసాగాడు.

ఎనిమిది వందల ముప్పై.

హెలెన్ నల్లద్దాలు తీసింది. ఆమె కళ్ళలోనూ భయమే ఉంది. గుమ్మం దాకా వెళ్ళింది. అయిపోయింది, వెళ్ళిపోతోంది అనుకున్నాడు శాలేమురాజు.

ఆమె అచ్చమ్మ గారి చెయ్యి పట్టుకుంది.

“ఆంటీ, నా గురించి కూడా ఓ మాట ప్రార్థన చేయండి. ముప్పై దాటాయి. ఇంకా పెళ్ళి కాలేదు.”

కోడళ్ళ సంగతి గుమ్మంలోనే వదిలేశారు. అందరూ లోపలికి వచ్చేశారు. చివరగా వచ్చినావిడ, ఇలాంటి మాటలు వీధిలోకి పోకూడదని తలుపు కూడా వేసింది.

“ఏ ఊరమ్మా మీది?” అంది అచ్చమ్మ గారు, మంచం అంచున కూర్చుంటూ.

“గుంటూరండి.”

“అసలు ఊరు?”

“దుగ్గిరాల దగ్గరండి.”

“ఏ సంఘం? నాన్నగారేం చేసేవారు? ఇన్నాళ్ళూ ఎందుకు చేసుకోలేదు?”

పది మంది ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎనిమిది వందల పది దగ్గర ఆగిన అంకె వణికి, వెనక్కి తిరిగింది. తొమ్మిది వందలు. పదకొండు వందలు. రెండు దేశాల గూఢచారి శాఖలు ఏళ్ళ తరబడి తెలుసుకోలేని హెలెన్ అసలు పేరు, ఆమె మేనమామ పేరుతో సహా అచ్చమ్మ గారికి తెలిసిపోయింది. అబద్ధం చెప్పే వ్యవధి ఆవిడ ఇవ్వలేదు.

“పాలు పొంగాయి,” అంది చెవిలో గొంతు. “ఫోన్ మన చేతికొచ్చింది. అన్ని మెషీన్లూ ఆపేశాం.”

శాలేమురాజు ప్లగ్గు పీకేశాడు. లైటు ఆరింది. కిటికీలు బార్లా తెరిచాడు. గడ్డి కాలిన పొగ లోపలికొచ్చింది. ఎబినేజర్ లేచి కూర్చుని, దగ్గుతూ, ఆ దగ్గుకే సంతోషపడ్డాడు. నిర్మల ఆయన పక్కన కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హెలెన్ శాలేమురాజు వైపు చూసి తల చిన్నగా ఊపింది.

ఆ ఊపడం అచ్చమ్మ గారి కంటబడింది.

“ఇలా రా బాబూ,” అందావిడ. “ఫ్యాన్లు బాగుచేస్తే నెలకెంతొస్తుంది? పెళ్ళయిందా?”

శత్రువుల విచారణలో పేరు కూడా చెప్పకుండా ఉండేందుకు అతనికి ఢిల్లీలో ట్రైనింగ్ ఇచ్చారు. నిర్మల తెచ్చిన టీ చల్లారేదాకా కూడా అది నిలవలేదు.