పేనుకు పెత్తనం

జ్యోతిర్మయి కూతురు కీర్తికి జడలు వేసి రిబ్బన్లు ముడేస్తుండగా, అత్తగారు అచ్చాయమ్మ వసారాలోంచి మామూలు మాటలా చెప్పేసింది. శనివారం అంతర్వేది వెళ్లాలట. స్వామికి పిల్ల తలనీలాలు మొక్కుకుందట. అంబాసిడర్ కారు కూడా మాట్లాడించేసిందట. కీర్తికి తొమ్మిదేళ్లు, నడుము దాటిన జుట్టు. వచ్చే నెల బడి వార్షికోత్సవంలో డాన్సుకని జడకుచ్చులు కూడా కొనిపించుకుంది.

ఆ మొక్కు వెనకున్న అసలు సంగతి జ్యోతిర్మయికి తెలియనిది కాదు. రెండు నెలలుగా పిల్ల తల్లో పేలు. దువ్వితే పోతాయి, నాలుగు రోజులు పోయాక మళ్లీ ప్రత్యక్షం. నలుగురికీ తెలిస్తే పరువు తక్కువని పెద్దావిడ బెంగ. పేలు పట్టాయని గుండు చేయిస్తే నామోషీ, దేవుడి పేరు చెబితే పుణ్యం!

అంతటితో ఆగినా బాగుండేది. బళ్లో కీర్తి పక్కన కూర్చునే పెద్దింట్లమ్మ వల్లే పేలు వచ్చాయని ఆవిడ తేల్చేసింది. ఆ పిల్లది అంతర్వేది, వాళ్ల నాన్న సముద్రం మీద వేటకెళతాడు, ఇక్కడ మలికిపురంలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటోంది. మొన్న ఆడుకోవడానికి వస్తే ఆవిడ గుమ్మంలోంచే పంపేసింది. ఆ పిల్ల తల దించుకుని వెళ్లిన తీరు తలచుకుంటే జ్యోతిర్మయికి ఒళ్లు మండిపోతోంది. ఆ ఊరి దేవుడు కావాలి గానీ ఆ ఊరి పిల్ల అక్కర్లేదా?

"ఎప్పుడు మొక్కేరండీ అత్తయ్యగారూ?"

"దేవుడి దగ్గర కూడా ఆరాలేంటమ్మా?"

"తలనీలాలు భక్తితో ఇవ్వాలండీ. పేలు దాచుకోడానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకోకూడదు."

జుట్టుదేముంది, మళ్లీ పెరుగుతుందని జ్యోతిర్మయి భర్త సూర్యప్రకాష్ నసిగాడు. భార్య మొహం చూసి, జ్యోతికే వదిలెయ్యమని తల్లికి చెప్పాడు. అచ్చాయమ్మకు పౌరుషం వచ్చింది.

"ఆయ్, వదిలేస్తాన్రా. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందట."

జ్యోతిర్మయి లోపలికి వెళ్లి పేలదువ్వెన తెచ్చింది.

"రాజోలు డాక్టరుగారు ఏం చెప్పేరో వినండి. పిల్ల ఒక్కదాని తల చూస్తే చాలదట. ఇంట్లో అందరి తలలూ ఒక్కసారే చూడాలట. ఈపులు చిట్లి పిల్లలొస్తాయి కాబట్టి వారానికి మళ్లీ దువ్వాలట. నేనూ, మీ అబ్బాయీ చూపించుకున్నాం. మిగిలింది మీరేనండీ. కీర్తి రోజూ మీ పక్కలోనే పడుకుంటుంది."

అచ్చాయమ్మ చప్పున ముడి మీద చెయ్యేసుకుంది. తన తల జోలికి వస్తే ఊరుకోనంది. అప్పటిదాకా బిక్కచచ్చి నిలబడ్డ కీర్తి ఆవిడ చీర పట్టుకుని ఏడ్చింది.

"గుండు చేయించుకుంటాను మామ్మా. పెద్దింట్లమ్మని మాత్రం మనింటికి రానియ్యి."

ఆ మాటతో అచ్చాయమ్మ పీట మీద కూలబడింది. ఎడమ చేత్తో ముడి విప్పబోయింది. రాలేదు. జ్యోతిర్మయి విప్పింది. లోపల జుట్టంతా చిక్కులు కట్టి, చెవుల వెనక ఈపులు తెల్లగా మెరుస్తున్నాయి.

"దసరా నుంచీ కుడి చెయ్యి పైకి లేవటం లేదమ్మా. పైపైన సవరించి ముడేస్తున్నాను. తల దువ్వమని కోడల్ని ఎలా అడుగుతాను?"

ఎదుటివాళ్ల పిల్ల మీద నెట్టేయడం మాత్రం తేలికైందా అని అడుగుదామనుకుంది జ్యోతిర్మయి. కానీ తన కళ్లలోనే నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ ఆవిడ చెయ్యి లేవటం లేదని తానెందుకు చూడలేదు? తెల్ల పంచె పరిచి, కొబ్బరినూనె దట్టంగా పట్టించి, చిక్కులు విడదీసి పాయపాయా దువ్వింది. పంచె మీద పేలు టపటపా రాలాయి.

అచ్చాయమ్మ వాటినే చూస్తూ కూర్చుంది. తర్వాత కళ్లు తుడుచుకుని మనవరాల్ని దగ్గరికి పిలిచింది.

"వెళ్లి ఆ పెద్దింట్లమ్మని తీసుకురా అమ్మా. మామ్మ రమ్మందని చెప్పు. ఆ పిల్ల తల కూడా చూడాలి. మనింటి నుంచే వెళ్లుంటాయి, పాపం."