గంగ గొంతు

సంత రోజున మధ్యాహ్నమే లైటు వేసుకోవాల్సి వచ్చింది. ముంచింగిపుట్టులో అంత మంచు. అరుపులు వినిపిస్తున్నాయి గానీ మనుషులు కనిపించడం లేదు. ఎండుచేపల వాసన ఒక్కటే నా సెల్‌ఫోన్ రిపేరు షాపులోకి వస్తోంది. అప్పుడొచ్చింది నీలవేణి, కొంగులో చుట్టిన చిన్న వాయిస్ రికార్డరు పట్టుకుని.

"మా గుంట, నా కూతురు గంగ గొంతుంది బాబూ ఇందులో. మొన్న వానల్లో జొరమొచ్చి పోనాది. పొటో కూడా లేదు. ఇప్పుడిది నొక్కితే పలకట్లేదు."

విప్పి చూశాను. మీట పోయింది, అంతే. గొంతు దాచుకున్న చిప్పు నిక్షేపంగా ఉంది. "సంత చూసుకుని రా అమ్మా, అయిపోతుంది" అన్నాను.

మీట మార్చి ఇచ్చేస్తే సరిపోయేది. నా చేతులు ఊరుకోవు కదా. షాపు వెనక నాకో పాత కంప్యూటరుంది, నేను పుట్టక ముందుది. దాని చేత మాట్లాడించాలని నెలల తరబడి ఒక సర్క్యూట్ కార్డు తయారు చేశాను. పరీక్షించడానికి సరైన చిప్పే దొరకలేదు. ఇప్పుడది నా అరచేతిలో ఉంది.

చిక్కల్లా ఒకటే. ఆ కంప్యూటరు అయిదు వోల్టులు పంపుతుంది. ఈ చిప్పు తట్టుకునేది మూడు పైచిలుకే. మధ్యలో వోల్టేజి తగ్గించే ముక్క విశాఖ నుంచి రావాలి. ఒక్క నిమిషానికి ఏమవుతుందిలే అనుకున్నాను. ముందు గొంతుని కాపీ తీసుకుందామన్న బుద్ధి కూడా పుట్టలేదు. చిప్పు ఊడదీసి, కార్డుకి అతికించి, స్విచ్చి వేశాను.

స్పీకరు కాసేపు గరగరలాడింది.

"అమ్మా... నాను గంగని... జావ తాగేసినాను... బేగి రా..."

నాకు సంతోషం పట్టలేదు. అంతలోనే గొంతు సాగింది. ముద్దయింది. కాలిన వాసన. చిప్పు మీద వేలు పెడితే చురుక్కుమంది. ప్లగ్గు లాగేశాను.

తర్వాత ఎన్నిసార్లు పెట్టి చూసినా పలకలేదు. ఆ పిల్లది మిగిలిందే ఒక్క గొంతు. దాన్ని నా సరదా కోసం చంపేశాను.

చివరికి లాగి పడేసిన ప్లగ్గు నేల మీద ఉంది. తెర నల్లగా ఉంది. అయినా... స్పీకరులో ఎవరో ఊపిరి తీశారు.

"కాలతంది..."

చెవి స్పీకరుకి ఆనించాను. మళ్లీ ఏమీ వినపడలేదు.

నీలవేణి వచ్చేసరికి చిప్పుని సొరుగులో దాచి, ఖాళీ రికార్డరుకి మరలు బిగించేశాను. "తేమకి పాడైపోయిందమ్మా, నా వల్ల కాలేదు" అన్నాను. తడుముకోకుండా వచ్చేసింది ఆ అబద్ధం. ఆమె ఏడవలేదు. "పోన్లెండి బాబూ, అది ఆడుకున్న వస్తువు" అని కళ్లకద్దుకుని పట్టుకెళ్లింది.

మళ్లీ సంతకి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. నా బల్ల మీద దోసెడు పసుపు కొమ్ములు పోసింది.

"మీ సెయ్యి మంచిది బాబూ. పలకతంది. బేటరీ సెల్లులైనా ఎయ్యలేదు, రేత్రంతా మాటాడతంది."

సొరుగు వంక చూశాను. "ఏమంటోంది?"

"మునుపటి మాటలు కావు." గొంతు తగ్గించింది. "'పైడిరాజూ, తియ్యి... కాలతంది' అంటంది. ఎవుడు బాబూ ఆ పైడిరాజు?"

ఈ ఊళ్లో అందరికీ నేను షాపు బాబునే. నా పేరు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

నిజం చెప్పేద్దామనుకున్నాను. కానీ ఆమె చూడకుండా సొరుగు లాగి, పోయిన సంత నుంచి అక్కడే పడి ఉన్న చిప్పుని వేలితో తాకాను.

చప్పున చెయ్యి వెనక్కి లాక్కున్నాను. వేలి మీద బొబ్బ.

నీలవేణి నా వేలి వంకే చూస్తోంది.

"ఏటి బాబూ" అంది మెల్లగా, "మీకూ కాలిందా?"